దాహం మడికి నీళ్ళు పారిన రోజు

మొన్న ఆదివారం మా ఇంట్లో పప్పుచారు అన్నం తింటున్న ఒక అమ్మాయి మీద నాకు కోపం వచ్చింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. మా పక్క ఫ్లాట్ వాళ్ళ బంధువు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మంచం పట్టేంత గది అద్దెకు తీసుకుని కలెక్టరు కావాలని పెద్ద పరీక్షకు చదువుతోంది. నెలకోసారి ఇంటి తిండి కోసం మెట్రో ఎక్కి నోయిడా వస్తుంది. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో నోట్సు తిప్పుతోంది.

"ఆంటీ, మీరు గోధుమల ఫారంలో చేశారట కదా! ఇదిగోండి, మీ సబ్జెక్టు వచ్చింది," అని ఒక లైను చదివింది. "వాతావరణ మార్పులను తట్టుకునే వంగడాలను అభివృద్ధి చేయడం."

"తర్వాత?"

"తర్వాతేం లేదండీ. అది నాలుగో పాయింటు. ఐదోది బిందు సేద్యం."

"ఆ అభివృద్ధి ఎవరు చేస్తారంటమ్మా?"

"శాస్త్రవేత్తలు."

"వాళ్ళు చేస్తుంటే మిగిలినవాళ్ళు ఏం చేస్తారు?"

ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. నేను లేచి పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కోపం వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళడం నాకు అలవాటు. ఒక్క లైను! అందులో నా ఇరవై ఆరేళ్ళున్నాయి. ఇంకొకరి ఉద్యోగం ఉంది, ఇంకొకరి కూడు ఉంది. ఆ లైను వెనక ఏముందో రాసిపెడదామని ఇదిగో కూర్చున్నాను. నా చదువు ఐదో తరగతి. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను. మరిచిపోవడం నాకు చేతకాదు.

మాది విజయనగరం పక్క పల్లె. మా ఆయనకు ఢిల్లీలో సర్కారు ఆఫీసులో డ్రైవరు ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. క్వార్టర్లలో పక్కింటావిడ, "వరి నాట్లు వేసిన చేతులే కదా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అని నన్ను నగరం అంచున ఉన్న ఒక విత్తనాల పరిశోధన ఫారానికి తీసుకెళ్ళింది. మొదట్లో రోజు కూలిని. తర్వాత పర్మనెంటు అయింది. నా పనికి పెద్ద పేరేమీ లేదు. హాజరు పట్టీలో 'ఫీల్డ్ హెల్పర్' అని రాసేవారు.

గోధుమకు పువ్వుంటుందని మీలో ఎంతమందికి తెలుసు? ఉంటుంది. కంకిలో దాక్కుని ఉంటుంది. రెండు రకాల గోధుమలను కలిపి మూడో రకం పుట్టించాలంటే, తల్లిగా పెట్టుకున్న కంకిలో ప్రతి పువ్వూ తెరిచి, దాని పుప్పొడి తిత్తులను పటుకారుతో తీసెయ్యాలి. ఒక్కో పువ్వులో మూడే ఉంటాయి. ఆకుపచ్చగా ఉండగానే తియ్యాలి. పసుపు తిరిగితే ఆలస్యమైనట్టే. ఒక్కటి మిగిలినా ఆ కంకి తనకు తానే గింజ కట్టేస్తుంది, మనం చేసిందంతా వృథా. తీశాక కాగితం సంచి తొడిగి, చీటీ కట్టి, రెండు మూడు రోజుల తర్వాత తండ్రి కంకిని తెచ్చి దాని మీద పుప్పొడి దులపాలి. ఫిబ్రవరి చలిలో, మంచు ఆరకముందే, మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని. నా చేతి కింద కంకులు ఎప్పుడూ తప్పలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఆ తర్వాత నేను తప్పింది ఎక్కడో మీకు తెలియాలని చెబుతున్నాను.

మా ఫారంలో ఒక మూల మడి ఉండేది. దానికి కాగితాల మీద ఏదో పేరుంది. మేం మాత్రం దాహం మడి అనేవాళ్ళం. అందరూ నవంబరులో గోధుమ విత్తుతారు కదా, ఈ మడిలో కావాలని డిసెంబరు చివర్లో విత్తేవాళ్ళం. మొలిచాక ఒక్క తడి ఇచ్చి, ఆ తర్వాత నీళ్ళు బంద్. అలా చేస్తే పైరు సరిగ్గా గింజ పాలు పోసుకునే వేళకు మార్చి ఎండలు వచ్చి మీద పడతాయి. పడమటి గాలి కొడుతుంది. ఆ బాధలో ఏ వరుస నిలబడుతుందో, ఏది చతికిలబడుతుందో చూడాలి. రాబోయే ఎండలకు పనికొచ్చే గోధుమ ఏదో తెలిసేది అక్కడే. మంచి మడిలో అన్నీ మంచిగానే ఉంటాయి, అక్కడ చూసేదేముంటుంది?

ఆ మడిని చూసుకునే శాస్త్రవేత్త, మేం డాక్టరమ్మ అనేవాళ్ళం, నల్గొండ వైపు పిల్ల. ముప్పై దాటాయో లేదో. మూడేళ్ళ ప్రాజెక్టు మీద వచ్చింది. ప్రాజెక్టు ఫలితం చూపిస్తే పొడిగిస్తారు, లేదంటే మూట కట్టుకుని పోవడమే. మొదటి రోజే నా యాస విని, "అక్కా, మీరు మనోళ్ళా!" అని చేతులు పట్టుకుంది. ఆ రోజు నుంచి నా డబ్బాలోని ఆవకాయకు భాగస్తురాలైంది.

ఒక మార్చి మధ్యాహ్నం వరుసల మధ్య నడుస్తున్నాను. అప్పటికి వారం రోజులుగా వేడిగాలి. మడి అంతా తెల్లబడిపోయింది. నలభై ఏడో వరుస దగ్గర ఆగాను. కంకి కింద పెద్దాకు ఇంకా పచ్చగా ఉంది. ఆకును చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది. పక్క వరుస ఆకు పట్టుకున్నాను, వేడిగా ఉంది. మళ్ళీ ఇది పట్టుకున్నాను, చల్లగానే ఉంది. డాక్టరమ్మను కేకేశాను. ఆమె దగ్గర తుపాకీలాంటి థర్మామీటరు ఉండేది, దూరం నుంచే ఆకు వేడి చూపిస్తుంది. నలభై ఏడుకు గురిపెట్టింది. పక్కదానికి పెట్టింది. మళ్ళీ నలభై ఏడుకు పెట్టింది.

"అక్కా, నీ చెంపకు ఎంత జీతమిస్తున్నరు? ఈ మిషను కొననక్కర లేకుండె," అంది.

అది రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన ఒక పొట్టి నాటు గోధుమకూ, బాగా దిగుబడినిచ్చే ఒక రకానికీ పుట్టింది. తల్లి కంకిలో తిత్తులు తీసింది నేనే. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు. మెడ కొంచెం వంకర. కానీ కోతప్పుడు గింజ కొరికి చూస్తే మిగతావన్నీ తాలుగా పోయిన చోట ఇది గుండ్రంగా, బిర్రుగా ఉంది. నేను దానికి 'మొండిది' అని పేరు పెట్టాను. డాక్టరమ్మ తన నోట్సులో పొడుగాటి నంబరు రాసుకునేది, నాతో మాత్రం, "మన మొండిదెట్లుంది?" అనే అడిగేది.

రెండో ఏడు కూడా మొండిది నిలబడింది. మూడో ఏడూ నిలబడిందని చూపిస్తే, దాన్ని దేశంలో వేరే వేరే చోట్ల వేసి చూసే పెద్ద పరీక్షకు పంపుతారు. డాక్టరమ్మకు పొడిగింపు వస్తుంది. చూపించకపోతే రెండూ లేవు. మేమిద్దరం ఆ మూడో ఏడు మడిని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాం.

ఇక్కడ ఎర్ర గుడ్డ సంగతి చెప్పాలి.

మా ఫారంలో మడుల ముందు బోర్డులుండేవి, ఇంగ్లీషులో. నీళ్ళు పెట్టే భయ్యాకు హిందీ చదవడమే రాదు, ఇక ఇంగ్లీషు ఎక్కడిది? బులంద్‌షహర్ వైపు మనిషి, పదిహేనేళ్ళుగా రోజు కూలి మీదే ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి మోటారు వేసి, ఒక్కో మడికి కాలువ తిప్పుకుంటూ పోయేవాడు. అందుకని మాలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. కాలువ నుంచి మడికి నీళ్ళు తిరిగే చోట కర్ర పాతి ఎర్ర గుడ్డ కడితే, ఆ మడికి నీళ్ళు లేవు. గుడ్డ లేకపోతే పెట్టాలి. అంతే. చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. ఎవరూ రాసిన రూలు కాదిది, ఎవరి సంతకమూ లేదు. కానీ నేను చేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ఏడు దాహం మడికి కట్టినవి మా అమ్మాయి చిన్నప్పటి పట్టులంగా ముక్కలు.

అదే చలికాలంలో మాకు కొత్త ఫారం సాబ్ వచ్చాడు. మడులు, కాలువలు, కూలీలు అన్నీ ఆయన చేతి కింద. పైరు గురించి తెలియనివాడు కాదు, తెలుసు. తెలిసీ చేశాడని నా కోపం. ఆయనకు ఫారం అంటే ఫోటో. దారికి సున్నం కొట్టించాడు. పూలకుండీలు పెట్టించాడు. నన్ను చూసినప్పుడల్లా, "క్యా మద్రాసీ అమ్మా, ఆజ్ ఇడ్లీ లాయీ?" అనేవాడు. నేను విజయనగరం దాననని మూడుసార్లు చెప్పి మానేశాను.

మార్చి మూడో వారంలో కబురొచ్చింది. ఒక పెద్దాయన ఫారం చూడటానికి వస్తున్నారు, నాలుగు రోజుల్లో. మరుసటి పొద్దున ఆయన తాలూకు మనుషులు ముందుగా వచ్చి దారి చూసుకుని వెళతారు. ఆ దారి దాహం మడి పక్కనుంచే పోతుంది. డాక్టరమ్మ అప్పుడు ఊళ్ళో లేదు. మొదటి రెండేళ్ళ లెక్కలు చూపించడానికి హైదరాబాదు మీటింగుకు వెళ్ళింది.

సాయంత్రం నాలుగున్నరకు ఫారం సాబ్ అటు వచ్చి దాహం మడి దగ్గర ఆగాడు. పైరు చుట్టుకుపోయి, కొసలు ఎండి, ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆయన చూపు పైరు మీద లేదు, గుడ్డల మీద ఉంది.

"యే చీథడే క్యోఁ లటక్ రహే హైఁ? కబాడీ కీ దుకాన్ హై క్యా?"

"చీథడే నహీఁ సాబ్, నిశాన్ హై. ఇస్ మే పానీ నహీఁ దేనే కా."

"నిశాన్ కే లియే బోర్డ్ లగా హై న! హటావో. సుబహ్ తక్ ఏక్ భీ నహీఁ దిఖ్‌నా చాహియే."

"సాబ్, పానీవాలా భయ్యా బోర్డ్ నహీఁ పఢ్‌తా..."

"తో తుమ్ బతా దేనా ఉస్‌కో. ముఁహ్ నహీఁ హై క్యా?"

అవి నీళ్ళు వద్దనే గుర్తులని, భయ్యా బోర్డు చదవలేడని నేను చెబుతున్నా, ఈ పేలికలు తెల్లారేసరికి ఒక్కటీ కనబడకూడదన్నాడు, భయ్యాకు నువ్వే చెప్పు, నోరు లేదా అన్నాడు. ఉంది. ఆ సాయంత్రం అది ఏం చేసిందో చెబుతాను వినండి. ముందు డాక్టరమ్మకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. భయ్యా కోసం చూశాను. ఆయన ఆ మధ్యాహ్నమే పన్ను పీకించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాడు. ఆయన ఫోనూ మోగింది, ఎత్తలేదు. అప్పటికి ఐదు. ఐదుంబావుకు మా బస్సు. అది తప్పితే మూడు బస్సులు మారి ఇల్లు చేరాలి. రేపు పొద్దున్నే వచ్చి చెబుదాంలే, ఈ వారం ఈ మడుల వంతు కాదు కదా అనుకున్నాను. గుడ్డలు ఒక్కొక్కటీ విప్పాను. చక్కగా మడతలు పెట్టి నా సంచిలో డబ్బా పక్కన పెట్టుకున్నాను. బస్సు కోసం పరుగెత్తాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

నాకు తెలియని సంగతి ఒకటుంది. దారి పొడుగునా మడులన్నిటికీ తెల్లారేసరికి ఒక తడి పెట్టాలని, పచ్చగా కనిపించాలని, ఫారం సాబ్ ఆ పొద్దున్నే భయ్యాకు చెప్పి ఉన్నాడు. రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఆయనకెందుకు? ఆరిపోయేది ఆయన పొయ్యి కాదు.

మర్నాడు ఆరున్నరకు బస్సు దిగాను. గేటు దాటగానే తడిమట్టి వాసన. వాన పడలేదు. పరుగున వెళ్ళేసరికి దాహం మడి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. ఒక కొంగ వచ్చి తీరిగ్గా నిలబడి ఉంది.

"భయ్యా! యే క్యా కియా!"

ఆయన బుగ్గ వాచి ఉంది. నోట్లో దూది పెట్టుకుని మాట్లాడాడు. "కపడా నహీఁ థా, దీదీ. హాథ్ లగా కే దేఖా. చారోఁ కోనే దేఖే. నహీఁ థా."

గుడ్డ లేదట. చెయ్యి పెట్టి చూశాడట. నాలుగు మూలలా చూశాడట. సాబ్ తడి పెట్టమన్నాడు, గుడ్డా లేదు, అంత జాగ్రత్తగా చూసి మరీ నీళ్ళు వదిలాడు. గుడ్డలు నా సంచిలో ఉన్నాయి. మడత నలగలేదు.

పార తీసుకుని గట్టు తెంపాను. భయ్యా కూడా తెంపాడు. ఉన్న నీళ్ళను పక్క కాలువలోకి మళ్ళించాం. భూమి తాగేసిన నీటిని ఎవరు వెనక్కి తియ్యగలరు? మధ్యాహ్నానికి చుట్టుకున్న ఆకులు విప్పుకున్నాయి. ఎప్పుడూ తలవాల్చే వరుసలు కూడా నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. అంత అందమైన పైరును చూసి అంతగా ఏడ్చిన మనిషి ఇంకొకరు ఉండరు.

డాక్టరమ్మ ఆ సాయంత్రం స్టేషను నుంచి నేరుగా వచ్చింది, భుజాన బ్యాగు అలాగే ఉంది. నేను ఫోనులో చెప్పలేకపోయాను. గట్టు మీద నిలబడి చూసింది. చెప్పులు విడిచి బురదలోకి దిగి నలభై ఏడో వరుస దగ్గరకు పోయింది. ఆకు మీద చెయ్యి పెట్టింది. పక్క వరుస మీద పెట్టింది. దాని పక్కదాని మీద పెట్టింది. అలా పది పన్నెండు వరుసలు నడిచింది.

"అన్నీ సల్లగనే ఉన్నయక్కా," అంది. అంతే.

గుడ్డలు సంచిలోంచి తీసి ఆమె ముందు పెట్టాను. "నేనే ఇప్పేశానమ్మా. ఆడు తియ్యమన్నాడు, నేను తీశాను. సెప్పకుండా బస్సెక్కేశాను." ఆమె ఒక ముక్క తీసుకుని, "గిది పట్టులంగనా అక్కా?" అంది. ఆ మాటకు ఇద్దరం ఏడ్చాం.

పెద్దాయన వచ్చారు. మమ్మల్ని ఉతికిన కోట్లు వేయించి వరసగా నిలబెట్టారు. దాహం మడి దగ్గర ఫారం సాబ్ చెయ్యి చాపి, ఇది ఎండను తట్టుకునే పరీక్ష అని చెప్పాడు. ఇంత ఎండలోనూ ఇంత పచ్చగా ఉందని పెద్దాయన చాలా సంతోషించారు. "ఇత్‌నీ గర్మీ మేఁ భీ ఇత్‌నా హరా! వెరీ గుడ్," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా చేతుల్లో గులాబీల పళ్ళెం ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదు.

అసలు కోపం అక్కడి నుంచి మొదలు. ఫారం సాబ్ డాక్టరమ్మను పిలిచి వాన పడిందని రాసెయ్యమన్నాడు. పైగా, అన్ని వరుసలూ తట్టుకున్నాయని రాస్తే ఫారానికి ఇంకా మంచి పేరు కదా అన్నాడు. నీ పొడిగింపు కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాలి, గుర్తుంచుకో అన్నాడు. ఆ మాట నేను తలుపు బయట నిలబడి విన్నాను.

డాక్టరమ్మ బయటికి వచ్చి వేపచెట్టు కింద నా పక్కన కూర్చుంది. డబ్బా తెరిచాను. తినలేదు.

"రాసెయ్యమ్మా," అన్నాను. నిజం చెబుతున్నాను, నేనే అన్నాను. "మొండిది మొండిదే అని మనకి తెల్సు కదా. రెండేళ్ళు సూసినాం. దానొక్కదానికే బాగుందని రాసీ. ఎవడు సూడొచ్చాడు?"

ఆమె డబ్బా మూత పెట్టేసింది. "మూడో ఏడు సచ్చిపోతుండెనేమో, ఎవరికెరుక? బతుకుతదని నేను రాసి, రేపు రైతు దాన్నే నమ్ముకొని ఇత్తినంక ఎండిపోతే? ఆయన పొలంల ఏ గుడ్డ కడ్తమక్కా?"

ఐదో తరగతి నాది, డాక్టరు చదువు ఆమెది. ఆ తేడా ఆ రోజు నాకు తెలిసింది. ఇంగ్లీషులో తేడా కాదు.

పొరపాటున నీళ్ళు పారాయి, ఈ ఏడు పరీక్ష చెల్లదు అని ఆమె ఉన్నదున్నట్టు రాసింది. అలా రాస్తే పొరపాటు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది కదా. వచ్చింది. ఫారం సాబ్ రెండు రోజుల్లో తేల్చేశాడు. తప్పు నీళ్ళ భయ్యాది, బోర్డు ఉండగా చూడకుండా నీళ్ళు వదిలాడు అని. పదిహేనేళ్ళ మనిషి పేరు హాజరు పట్టీ నుంచి ఒక్క గీతతో పోయింది. రోజు కూలికి నోటీసు కూడా అక్కర్లేదట.

నేను ఆఫీసుకు వెళ్ళాను. గుడ్డలు విప్పింది నేను, విప్పమన్నది సాబ్ అని చెప్పాను. రాసి ఇమ్మన్నారు. నాకు రాయడం వచ్చింది తెలుగే. రెండు పేజీలు రాశాను. ఏ మూల ఏ గుడ్డ, ఎన్ని గంటలకు ఎవరేమన్నారు, అన్నీ. ఫారం సాబ్ కాగితం తిప్పి చూసి, "యే జలేబీ కౌన్ పఢేగా?" అన్నాడు. మన గుండ్రటి అక్షరాలు ఆయనకు జిలేబీలట, ఎవరు చదువుతారట. గదిలో అందరూ నవ్వారు. డాక్టరమ్మ హిందీలో రాసిస్తానంది. ఆమెకు ఇందులో సొంత ప్రయోజనం ఉంది కాబట్టి కుదరదన్నారు. నా కాగితం మీద 'భాష తెలియదు' అని రాసి ఫైలులో పెట్టారు. ఇప్పటికీ ఆ ఫైలులోనే ఉండి ఉంటుంది. ఇంత పెద్ద దేశ రాజధాని, వీధికో తెలుగు ఆఫీసరున్న ఊరు. అశోకా రోడ్డులో మన రాష్ట్ర భవనం క్యాంటీనులో మన భోజనం కోసం క్యూలో నిలబడేవాళ్ళను ఎవరిని పిలిచినా అయిదు నిమిషాల్లో చదివి పెట్టేవారు. చదవాలని ఉంటే కదా.

భయ్యా గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "కపడా హోతా తో మైఁ క్యోఁ ఖోల్తా, దీదీ?" అన్నాడు. గుడ్డ ఉంటే నేనెందుకు వదులుతాను అని. తిట్టలేదు. తిడితే బాగుండేది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు పనిచేయలేదు. ఎక్కడున్నాడో ఈ రోజు వరకూ నాకు తెలియదు.

డాక్టరమ్మ ప్రాజెక్టు ఆ కోతలతో ముగిసింది. పొడిగింపు రాలేదు. ఇప్పుడు నోయిడాలోనే ఒక కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని పంటల బీమా లెక్కలు చూస్తుంది. ఏ ఊళ్ళో ఎండకు ఎంత పంట పోయిందో లెక్కేసే పని. ఫారం సాబ్‌కు ప్రమోషను వచ్చింది. పూలకుండీలు కూడా పట్టుకుపోయాడు.

మొండిది ఏమైందంటారా? పరీక్షల జాబితా నుంచి దాని నంబరు కొట్టేశారు. విత్తనం చల్లగదిలో మూలన పడింది.

ఇక్కడ నేను చేసిన పని ఒకటుంది. తప్పంటే అనండి. ప్రతి పరీక్ష మడికీ చుట్టూ రెండు వరుసలు అంచు పైరు వేస్తాం, లోపలి పైరుకు గాలి దెబ్బ, పిట్టల దెబ్బ తగలకుండా. ఆ అంచులో ఏ గోధుమ వేశారని ఎవరూ అడగరు. దాన్ని ఎవరూ కొలవరు. కోతప్పుడు ముందే కోసి పక్కన పడేస్తారు. ఆ అంచు విత్తే పని నాది. విత్తనం చల్లగదికి పోకముందే తీసిపెట్టుకున్న గింజలతో నేను మొండిదాన్ని విత్తాను. కోసి పడేసే ముందు నాలుగు దోసిళ్ళ కంకులు ఏరి మళ్ళీ ఏడాదికి దాచేదాన్ని, ఫారంలోనే, పనిముట్ల గదిలో ఒక పాత ఆవకాయ జాడీలో. ఇంటికి ఒక్క గింజ తేలేదు. అలా నాలుగేళ్ళు. ఎవరి మడి చుట్టో కాపలా ఉంటూ, ఎవరూ చూడకుండా, మొండిది బతికింది.

నేను రిటైరు కాబోయే ముందు మార్చిలో ఎండలు మండిపోయాయి. మే నెల వచ్చి మార్చిలో కూర్చున్నట్టుంది. దాహం మడి ఐదు రోజుల్లో తెల్లబడింది. అప్పుడు ఆ మడి చూసే కుర్ర డాక్టరు హర్యానా అబ్బాయి, పొద్దున్నే చిరాగ్గా వచ్చాడు.

"అమ్మా జీ, బోర్డర్ మేఁ పానీ కిస్‌నే దియా?"

"కిసీ నే నహీఁ దియా, బేటా."

"తో బోర్డర్ హరా క్యోఁ హై?"

ఎవరూ నీళ్ళు పెట్టకపోతే అంచు పచ్చగా ఎందుకుందని అతని ప్రశ్న. లోపల మడంతా తెల్లగా ఉంది. చుట్టూ పచ్చటి చట్రం. చీర అంచులా. నేను జాడీ తెచ్చి అతని ముందు పెట్టి, మొత్తం చెప్పాను. అతను నేల మీద కూర్చుని విన్నాడు. లేచి, ఒక గింజ కొరికాడు. తర్వాత పాత ఫైళ్ళు వెతికి డాక్టరమ్మ రాసిన లెక్కలు బయటికి తీశాడు. మొండిదానికి కొత్త నంబరు పడింది. మళ్ళీ ఒకటో ఏడు నుంచి మొదలు. పోయిన ఏళ్ళు పోయినవే. ఈ మధ్యలో ఎన్ని మార్చిలు మండాయి, ఎంతమంది రైతులు తాలు గింజలు తూర్పారబట్టుకున్నారు! దానికి ఎవరి పేరూ ఏ పట్టీ నుంచీ కొట్టెయ్యలేదు.

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తింది. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు చెప్పులతోనే గట్టు మీదకు వచ్చింది. నేనేమీ చూపించలేదు. తనే పోయి అంచు వరుస మీద చెయ్యి పెట్టింది. లోపలి వరుస మీద పెట్టింది. మళ్ళీ అంచు మీద పెట్టి, తీయలేదు.

"ఇదొక్కటే సల్లగుందక్కా," అంది.

ఆ రోజు డబ్బా ఖాళీ చేసింది.

రిటైరైన రోజు నాకు దండ వేసి శాలువా కప్పారు. టీ తాగి, సంచి తీసుకుని దాహం మడికి వెళ్ళాను. ఆ మడత పెట్టిన పట్టులంగా ముక్కలు అన్నేళ్ళూ నా దగ్గరే ఉన్నాయి. రంగు కాస్త వెలిసింది. నాలుగు మూలలా కర్రలు పాతి గట్టిగా ముడివేశాను. కొత్త ఫారం సాబ్ మంచివాడే, వచ్చి చూసి నవ్వాడు. "అమ్మా జీ, అబ్ తో మొబైల్ పే మెసేజ్ జాతా హై." ఇప్పుడు ఏ మడికి నీళ్ళు పెట్టాలో ఫోనుకు మెసేజి వస్తుందట. రానివ్వండి, నేను కట్టేశాను అన్నాను.

మొన్న పెరుగు వడ్డిస్తూ నేను చెప్పిన ఇదంతా విని ఆ రాజిందర్ నగర్ అమ్మాయి, "ఆంటీ, ఇది పరీక్షలో రాయొచ్చా?" అని అడిగింది. రాయకమ్మా, మార్కులు రావు అన్నాను. మీలో ఎవరైనా రేపు ఆ పెద్ద పరీక్ష ప్యాసై, ఏ ఫారం ముందో కారు దిగుతారు. దారి పక్కన ఎండి చుట్టుకుపోయిన మడి కనిపిస్తుంది. దాని మూలల్లో వెలిసిన ఎర్ర గుడ్డలు వేలాడుతుంటాయి. చూడ్డానికి ఏమీ బాగుండదు.

దాని మీద చెయ్యి వెయ్యకండి.